పదిహేడో ఎక్కం

నా చిన్నప్పుడు పొద్దున ఎనిమిది గంటలంటే నాకు గిట్టేది కాదు. సరిగ్గా ఆ వేళకే మా గల్లీ మొగలో రిక్షా గంట మోగేది. మా చెల్లి ఎర్ర టై పెట్టుకుని, తళతళలాడే నల్ల బూట్లు తొడుక్కుని, మెడలో నీళ్ళసీసా వేలాడేసుకుని దొరసానిలా వెళ్ళి ఆ రిక్షా ఎక్కేది. ఎక్కాక వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపేది. నేను గుడ్డసంచీలో పలక వేసుకుని, హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ సర్కారు బడికి నడిచిపోయేదాన్ని. ఆ రిక్షా రోజూ నన్ను దాటుకుంటూ వెళ్ళేది. ఐదేళ్ళలో ఒక్కరోజైనా దాని చక్రం ఊడిపోలేదు. నేను మొక్కని దేవుడు లేడు.

చెల్లి అంటే నా తోడబుట్టింది కాదు, మా చిన్నాన్న కూతురు. నాకన్నా మూడు నెలలే చిన్నది. దబీర్‌పురా స్టేషను వెనక మాది ఒకే వాకిలి, రెండు వంటిళ్ళు ఉన్న ఇల్లు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మేం ముగ్గురం పిల్లలం, నేను పెద్దదాన్ని. చిన్నాన్న చార్మినార్ దగ్గర ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్. వాళ్ళకు ఇదొక్కతే. ముందు గదిలో మా తాతయ్య ఉండేవాడు. రైల్వే పార్సిలాఫీసులో పని చేసి రిటైరైన మనిషి. చదువంతా ఉర్దూలో సాగింది కాబట్టి ఉర్దూ పేపరు గడగడా చదివేవాడు, తెలుగు పేపరైతే బొమ్మలు చూసి పక్కన పెట్టేసేవాడు.

మా ఇద్దరికీ ఐదేళ్ళు నిండిన ఏడాది చిన్నాన్న ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని తన ఆలోచన బయటపెట్టాడు. "పునాది గట్టిగుండాలె అన్నా. ఐదు దాక ప్రైవేట్ల ఏస్త. ఆరు నుంచి ఎట్లైన సర్కారు హైస్కూలే గద. గప్పటికి ఇంగ్లీషు నోట్లె కూసుంటది, ఇగ ఫికరుండది" అన్నాడు. మా నాన్న బీడీ వెలిగించుకుంటూ నవ్వాడు. "నీకొక్కతే, నడుస్తది. నాకు ముగ్గురు. ఒక్కదాన్నేస్తె ఇద్దరు ఏడుస్తరు" అన్నాడు. ఎవరూ ఏడవకూడదని ఎవరినీ వెయ్యలేదు. తలుపు వెనకాల నిలబడి విన్న నేను ఆ తర్వాత ఐదేళ్ళూ ఒక్కదాన్నే ఏడ్చాను. ఆ లెక్క ఆయనకు తట్టలేదు.

ఎంత ఏడ్చానో చెబితే ఇప్పుడు నాకే సిగ్గు. ఇంటికి చుట్టాలొస్తే చాలు, చిన్నమ్మ చెల్లిని నడింట్లో నిలబెట్టి "ఏదీ, ఆ ఇంగ్లీషు పాట జెప్పు బిడ్డా" అనేది. అది చేతులు తిప్పుతూ, కళ్ళు తిప్పుతూ చెప్పేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చుట్టాలంతా "మస్తు జెప్పింది" అని బుగ్గలు నిమిరేవాళ్ళు. నేను మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని. నాకు వేమన పద్యాలు ఇరవై వచ్చు. ఒక్కటి చెప్పమన్నవాళ్ళు లేరు. ఒక మధ్యాహ్నం అది నిద్రపోతుంటే వంకీకి తగిలించిన టై తీసి నా మెడకు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. దానికన్నా నాకే బాగుందని ఒట్టేసి చెప్పగలను. మళ్ళీ తగిలించేటప్పుడు ఎలాస్టిక్‌ను బలంగా లాగి వదులు చేసి మరీ పెట్టాను. మర్నాడు ఆ టై దాని బొడ్డు దాకా వేలాడింది. అదేమో "నేను పెద్దగైన, మెడ సన్నగైంది" అని నవ్వింది.

ఐదో తరగతి ముగిసింది. ఇద్దరినీ ఒకే హైస్కూల్లో, మా ఇంటికి మైలు దూరంలో ఉన్న ఆడపిల్లల సర్కారు బడిలో ఆరులో చేర్చాలని ఇంట్లో నిర్ణయం. మా చెల్లి చదివిన బడి ఐదు వరకే. ఒక పాత ఇంటి వరండా, రెండు గదులు, బయట పెద్ద ఇంగ్లీషు బోర్డు, అంతే ఆ బడి. అక్కడిచ్చిన టీసీ మాత్రం చూడాల్సిందే! చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో తీగల అక్షరాలు, కింద ఎర్ర ముద్ర. చిన్నాన్న దాన్ని దుకాణంలో కూడా అందరికీ చూపించి తెచ్చాడు. నా టీసీ పల్చటి చిత్తుకాగితంలా ఉంది, మడిస్తే చిరుగుతుందేమోనని మా అమ్మ పుస్తకంలో పెట్టి పట్టుకొచ్చింది.

హైస్కూల్లో పెద్ద టీచరమ్మ నా చిత్తుకాగితం చూసి సంతకం చేసేసింది. బంగారు అంచుది చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇది చెల్లదండీ. ఈ బడికి గవర్నమెంటు గుర్తింపు లేదు. మీరు ఎప్పుడూ అడగలేదా?" అంది. చిన్నాన్న ఏమని అడుగుతాడు? మా ఇంట్లో ఆ బోర్డు చదవగలిగిన పెద్దవాళ్ళే లేరు. ఇంగ్లీషులో రాసి ఉంటే అది సర్కారు రాసినట్టేనని మావాళ్ళందరి నమ్మకం. పరీక్ష పెడతానంది టీచరమ్మ. తెలుగు పాఠం తప్పు లేకుండా చదవాలి, డిక్టేషన్ రాయాలి, ఇరవై దాకా ఎక్కాలు నోటికి చెప్పాలి. నెలరోజులు గడువు. తప్పితే మళ్ళీ ప్రైమరీ బడికి పోయి నాలుగో తరగతి నుంచి రావాలి.

ఇంటికొచ్చి చిన్నాన్న చొక్కా కూడా విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మా చెల్లికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం అంతంత మాత్రం. ఎక్కాలు పన్నెండు దాకా, అవీ ఇంగ్లీషులో. "నాలుగుల కూసోబెడితె గల్లీల నా మొకం ఏం గావాలె? గంత లొల్లేందుకు, సదువు బంద్ జేసి మిషన్ కుట్టుడు నేర్పుదాం" అన్నాడు కోపంగా. అన్నాడంటే చేసే మనిషే. చెల్లి నీళ్ళసీసా మూత తిప్పుతూ, ఏడవకుండా నిలబడింది. మా అమ్మ వంటింట్లోంచి నాకొక్కదానికే వినపడేలా "పైన పటారం, లోన లొటారం" అని గొణిగింది. ఆ పూట నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. అంత సంతోషం నాకు ఆ తర్వాత పెళ్ళిలో కూడా లేదు.

దానికి నేర్పే పని నా నెత్తిన పడింది. మొదట్లో అది కూడా బాగానే ఉంది. చేతిలో చెక్కబద్ద పట్టుకుని, "ఊఁ, చదువు" అంటే ఆ టై పిల్ల నా ముందు బాసింపట్టు వేసుకుని చదివేది. వాచకం చదివించేటప్పుడు నేను ఏ వేషాలూ వెయ్యలేదు. పక్కనే మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింటుండేది, తప్పు చెబితే అక్కడే వీపు చిట్లేది. అదీ గబగబా పట్టేసింది. రెండు వారాల్లో పాఠం ధారాళంగా చదవడం మొదలుపెట్టింది. అప్పుడు చిన్నమ్మ, పాపం నన్ను ఏడిపించాలని కాదు, మురిసిపోయి అన్న మాటే నా కొంప ముంచింది. "ఇది ఒక్కసారి ఆరుల పడ్డదా, ఇగ అందరికన్న ముందే ఉంటది. అందరు ఆడికి పోయి ఏ బి సి డి మొదలువెడతరు, దీనికి ఇంగ్లీషు ముందే వస్తది గద" అంది.

అందరూ అంటే నేను. నాకు ఒళ్ళంతా భగ్గుమంది. ఐదేళ్ళు రిక్షాలో నన్ను దాటిపోయింది చాలక, ఇప్పుడు నేను నా చేతులతో చదువు నేర్పితే వచ్చి నా బడిలోనే నన్ను దాటిపోతుందన్నమాట! మర్నాడు ముందు గది వరండాలో ఎక్కాలు మొదలుపెట్టాం. మా అమ్మ అక్కడికి రాదు. పద్నాలుగో ఎక్కంలో ఒకచోట, పదిహేడులో ఒకచోట, పందొమ్మిదిలో ఒకచోట తప్పు పెట్టాను. కావాలనే పెట్టాను. "పదిహేడేడ్ల నూట పదమూడు" అని గట్టిగా చెప్పి, పదిసార్లు అనిపించాను. అది కళ్ళు మూసుకుని, ఊగుతూ, పదిసార్లూ అంది.

వరండాలో ఆ మూల తాతయ్య పాన్‌దాన్ ముందేసుకుని వక్క కత్తిరించుకుంటున్నాడు. కాసేపటికి పాన్‌దాన్ మూసి, లేచొచ్చి మా చెల్లి పక్కన కూర్చున్నాడు. "నాకు గూడ నేర్పు బిడ్డా. నేనెన్నడు తెలుగుల ఎక్కాలు సదువలే" అన్నాడు. నాకు కొంచెం గుబులు పుట్టింది గానీ వెంటనే సర్దుకున్నాను. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు, వాళ్ళ లెక్కలు కూడా వేరే ఉంటాయి కాబోలు, ఈయనకేం తెలుస్తుంది అనుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది. ఇక ఆ రోజు నుంచి ఇద్దరు శిష్యులు. ఆ పెద్దమనిషి మా చెల్లితో పాటు ఊగుతూ, నేను చెప్పింది చెప్పినట్టు, నా తప్పులు తప్పులుగానే వల్లెవేశాడు. మధ్యలో ఆగితే నేను బద్దతో నేల మీద కొట్టేదాన్ని. "తప్పైంది టీచరమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

మా పక్కింట్లో ఒక మాస్టర్ సాబ్ ఉండేవాడు. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ముసలాయన, తాతయ్యకు జిగ్రీ దోస్తు. రోజూ సాయంత్రం ఇద్దరూ మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసుకుని తాగేవాళ్ళు. పరీక్ష ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం తాతయ్య ఆయనతో, మా మనుమరాలు నాకు తెలుగు ఎక్కాలు నేర్పింది, విను అని మొదలుపెట్టాడు. గల్లీ పిల్లలంతా ఆట ఆపి చుట్టూ మూగారు. పదిహేడో ఎక్కం వచ్చింది. తాతయ్య గొంతెత్తి "పదిహేడేడ్ల నూట పదమూడు" అన్నాడు.

మాస్టర్ సాబ్ చాయ్ కప్పు దింపేశాడు. ఆయనకు తెలుగు అంకెలు బాగానే తెలుసు. "క్యా మియా, రైల్ పట్రీ సే ఉతర్ గయీ క్యా?" అని, రైలు పట్టాలు దిగిందన్నమాట, పొట్ట పట్టుకుని నవ్వాడు. "సత్రా సత్తే ఏక్ సౌ ఉన్నీస్! నూట పందొమ్మిది!" అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. తాతయ్య మాత్రం తొణకలేదు. "కాదు. నా మనుమరాలు జెప్పింది. సర్కారు బడిల ఫస్టొచ్చిన పిల్ల, తప్పెందుకు జెప్తది?" అన్నాడు. "అవును తాతా, అక్క గట్లనే జెప్పింది" అని మా చెల్లి సాక్ష్యం కూడా చెప్పింది. మాస్టర్ సాబ్ నా వైపు తిరిగి, "నువు జెప్పు బేటీ, ఎంత?" అని అడిగాడు.

నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నిజం చెబితే చేసింది బయటపడుతుంది, అబద్ధం చెబితే మాస్టర్ సాబ్ ముందు నిలవదు. అప్పుడు తాతయ్యే "పిల్లను పరేషాన్ జెయ్యకు భాయ్. ముసలి బుర్ర, నేనే మర్సిపోయినట్టున్న" అని నవ్వేసి చాయ్ అందుకున్నాడు. ఆ సాయంత్రం చెల్లి నా దగ్గరకొచ్చి, "అక్కా, మాస్టర్ సాబ్ జెప్పింది కరెక్టా, నువ్వు జెప్పింది కరెక్టా?" అని అడిగింది. అప్పుడైనా దిద్దుకోవచ్చు. "ఆయన ముసలోడయిండు, మర్సిపోయిండు" అన్నాను. "నేను గూడ గట్లనే అనుకున్న" అంది. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

గల్లీ పిల్లలకు మాత్రం మంచి ఆట దొరికింది. తాతయ్య పాన్ డబ్బాకు పోయినా, స్టేషను దాకా నడిచి వచ్చినా వెనక పడి "తాతా, సత్రా సత్తే?" అని కేకలేసేవాళ్ళు. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, నేను నేర్పిన తప్పుడు అంకెనే గట్టిగా చెప్పేవాడు. వాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. రేషన్ దుకాణం వరుసలో పెద్దవాళ్ళు కూడా ముసిముసిగా నవ్వడం నా కళ్ళారా చూశాను. గల్లీలో ఉత్తరం చదవాలన్నా, అర్జీ రాయాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. అలాంటి మనిషిని నేను వెర్రివాడిని చేసి వీధిలో నిలబెట్టాను. రెండు రోజులు అన్నం సయించలేదు. చెల్లి మీద జాలి కలిగి కాదు, అబద్ధమెందుకు. తాతయ్యను చూడలేకపోయాను.

మూడో రోజు పొద్దున ఆయన బయటినుంచి వస్తుంటే పిల్లల కేకలు వాకిలి దాకా వచ్చాయి. ఆయన నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ ఏడ్చేశాను. "తాతా, అది తప్పు. నేనే కావాల్నని తప్పు జెప్పిన" అన్నాను.

"ఎరుకే" అన్నాడు, రెండో కాలు ముందుకు పెడుతూ. "పద్నాలుగుల ఒకటి, పందొమ్మిదిల ఒకటి గూడ ఉన్నయి గద."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. "ముప్పై ఏండ్లు పార్సిలాఫీసుల మూటల తూకాలు రాసిన బిడ్డా. నాకు పదిహేడేడ్లు రావా?" అన్నాడు. మరి మొదటి రోజే ఎందుకు తిట్టలేదని అడిగాను. ఆయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని, గడప మీద కూర్చుని చెప్పాడు. "తిడితె నువ్వు నాకు భయపడి మార్సుతుంటివి. ఆ పిల్ల ఆ బడిల ఒక్కతే నిలవడి ఈ మాట జెప్తె, అందరు నవ్వితె ఎట్లుంటదో నువ్వు సూడాల్నని అనుకున్న. నన్ను జూసి నవ్వితె ఏంబోతది? పది దినాలకు మర్సిపోతరు. దానికైతె సదువే బందయితుండె."

నేను ఏడుస్తూనే ఉన్నాను. "దాన్ని జూస్తె నాకు మంటయితది తాతా" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. అలా అనకూడదని, చెల్లెలు కదా అని ఆయన అంటాడనుకున్నాను. ఆయన అనలేదు. "కానియ్యి. ఎవ్వలకు మంట గాదు? మీ చిన్నాయన దుకాణంల కూసోని సేట్ల పిల్లలను జూసి ఏడ్సిండు, గందుకే దీన్ని ఆడ ఏసిండు. ఏడుపు ఏడుపే, ఎక్కం ఎక్కమే. గీ రెండు కలపకు" అన్నాడు.

ఆ సాయంత్రం తాతయ్య మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని మా చెల్లితో, "బిడ్డా, నేనే మధ్యల తప్పు పలుక్కుంట మీ ఇద్దరిని చెడగొట్టిన. మల్ల మొదట్నుంచి సదువుదాం" అన్నాడు. నింద మొత్తం తన మీదే వేసుకున్నాడు. చెల్లి ఆయన గడ్డం పట్టుకుని "ఏంది తాతా గిట్ల జేస్తివి" అని నవ్వింది. నేను తలెత్తలేదు. మిగిలిన నాలుగు రోజులు గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. నిద్రలో లేపి అడిగినా చెప్పేలా తయారుచేశాను. మంట చల్లారలేదు, అది వేరే సంగతి. మండుతూనే చెప్పాను.

పరీక్ష రోజు నేను హైస్కూలు కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడ్డాను. పెద్ద టీచరమ్మ పాఠం చదివించింది, డిక్టేషన్ రాయించింది, పదహారు, పద్దెనిమిది ఎక్కాలు అడిగింది. నేను తప్పు పెట్టిన మూడింటిలో ఒక్కటీ అడగలేదు. నేను ఏమీ దిద్దకపోయినా అది నెగ్గేదే. ఈ సంగతి ఇంటికొచ్చి తాతయ్యకు చెబితే, "గది టీచరమ్మ ఇష్టం. నీ పని నువ్వు జేసినవ్" అన్నాడు, అంతే.

చిన్నమ్మ అన్నట్టే అయింది. ఆరో తరగతిలో మేం ఏ బి సి డి దిద్దుతుంటే మా చెల్లి లేచి నిలబడి పాఠం చదివేది. టీచర్లు దాన్నే పిలిచేవాళ్ళు. పదో తరగతి దాకా ఐదేళ్ళు పక్క పక్కనే కూర్చున్నాం, ఐదేళ్ళూ నాకు లోపల రగులుతూనే ఉండేది. కానీ అది ఏ లెక్క అడిగినా, ఏ నోట్సు అడిగినా ఒక్క అక్షరం తక్కువ చెయ్యకుండా ఇచ్చాను. ఆ తర్వాత ఉద్యోగంలోనూ, చుట్టాల్లోనూ నన్ను దాటిపోయినవాళ్ళు చాలామందే. ఎవరిని చూసినా అసూయ పడకుండా ఉన్నానని చెప్పను. వాళ్ళు నమ్మి నా చేతికిచ్చిన పనిలో మాత్రం దాన్ని కలపలేదు. తాతయ్య నాకిచ్చింది అదొక్కటే, అది చాలింది.

ఆయన మేం కాలేజీలో ఉండగా పోయాడు. నా సంగతి ఎవ్వరికీ, మా అమ్మకు కూడా చెప్పకుండానే పోయాడు. మొన్న మా చెల్లి మనవణ్ణి బడిలో వేసే మాటలు జరుగుతుంటే, చిన్న తరగతులకు ఏ బడి, పెద్ద తరగతులకు ఏ బడి అని మా పిల్లలు వాదించుకుంటుంటే, అది నా భుజం మీద చెయ్యి వేసి అందరి ముందూ చెప్పింది. "ఏ బడైతె ఏముంది? మా అక్క ఒక్క ఎండకాలంల నాకు అన్ని నేర్పింది. అక్క లేకుంటె నేను గా దినమే ఇంట్ల కూసుందును" అంది. ఆ మాట అది పెళ్ళిళ్ళలో చెప్పింది, పేరంటాల్లో చెప్పింది, తను ఉద్యోగం నుంచి రిటైరైన రోజు దండ మెడలో ఉండగా మైకులో కూడా చెప్పింది. ప్రతిసారీ నోరు తెరుస్తాను, ప్రతిసారీ ఎవరో ఒకరు నాకు చప్పట్లు కొడతారు.

చెప్పాలి. అరవై ఐదు దాటాయి, ఇంకెప్పుడు చెబుతాను? చెబితే అది ఏం చేస్తుందో నాకు తెలుసు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పకపకా నవ్వి, "పోనీ తియ్యి అక్కా" అంటుంది. అంత మంచిది అది. ఆ మంచితనం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.